మీ తరగతిలోనే మీ పరిశోధన: పాలిటెక్నిక్, ఐటీఐ అధ్యాపకులకు మార్గదర్శి

"ఈ బ్యాచ్‌కి బేసిక్స్ లేవండీ." ఏ కాలేజీ స్టాఫ్ రూమ్‌లోనైనా యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దే రోజుల్లో ఈ మాట వినబడుతుంది. నేనూ చాలాసార్లు అన్నాను. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే రేపు క్లాసులో ఏం చేయాలో తేలదు. ఏ బేసిక్ లేదు? ఎంతమందికి లేదు? లెక్కలో ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకడం మొదలుపెట్టిన అధ్యాపకుడు అప్పటికే పరిశోధనలోకి అడుగు పెట్టినట్టే. ఆ వెతుకులాట పద్ధతిగా ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పరిశోధన అనగానే పీహెచ్‌డీ, గైడు, వందల పేజీల థీసిస్ గుర్తొస్తాయి. ఇక్కడ అవేవీ అక్కర్లేదు. మీరు ఇప్పటికే చెబుతున్న సబ్జెక్టు, మీ టేబుల్ మీద ఇప్పటికే ఉన్న షీట్లు, ఒక నోటు పుస్తకం, రెండు నెలల ఓపిక ఉంటే చాలు.

ఈ ఆలోచన ఎక్కడిది

ఇంగ్లండ్‌లో 16 ఏళ్లు దాటినవాళ్లు వృత్తి విద్య కోసం చేరే కాలేజీలను ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలు అంటారు. మన పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంటర్ ఒకేషనల్ మూడూ ఒకే గేటు లోపల ఉన్నట్టు ఊహించుకోండి. అక్కడ ప్లంబింగ్, వడ్రంగం, వంట నేర్పేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఆ పని చేసి వచ్చినవాళ్లు. పని బాగా తెలుసు. పిల్లవాడికి అది ఎందుకు ఎక్కడం లేదో తెలుసుకోవడం మాత్రం వేరే విద్య. స్కూల్లో ఇంగ్లిష్, లెక్కల్లో కావలసిన గ్రేడు రానివాళ్లు కాలేజీకి వచ్చాక కూడా అవి చదివి తీరాలన్న నిబంధన 2014 నుంచి గట్టిగా అమలవడంతో, ఒకసారి ఓడిపోయామనుకున్న పిల్లలకు మళ్లీ అదే పాఠం ఎలా చెప్పాలన్నది అక్కడ పెద్ద ప్రశ్న అయింది. ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ ఫౌండేషన్ అనే సంస్థ సందర్లాండ్ విశ్వవిద్యాలయంతో కలిసి, కాలేజీ అధ్యాపకులే తమ తరగతుల మీద పరిశోధన చేసే కార్యక్రమాన్ని నడిపింది.

ఈ ఆలోచన అంతకుముందే ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త కుర్ట్ లెవిన్ 1946లో 'యాక్షన్ రీసెర్చ్' గురించి రాశాడు. అనుకోవడం, చేయడం, చూడటం, మళ్లీ ఆలోచించడం, ఆ చక్రం ఇంకోసారి తిప్పడం. బీఎడ్ చేసినవాళ్లు దీన్నే క్రియాత్మక పరిశోధన అన్న పేరుతో చదివి ఉంటారు. 1975లో బ్రిటిష్ విద్యావేత్త లారెన్స్ స్టెన్‌హౌస్ ఉపాధ్యాయుడే పరిశోధకుడు కావాలని వాదించాడు. ఆయన దృష్టిలో పరిశోధన అంటే పద్ధతిగా విచారించి, ఆ విచారణను పదిమంది ముందు పెట్టడం. ఈ రెండో సగాన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరమవుతుంది.

మనకు ఇది మరీ అవసరం. పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ సబ్జెక్టులు చెప్పే మనలో ఎక్కువమందిమి బీటెక్ చదివి నేరుగా తరగతిలోకి వచ్చాం. బోధన గురించి మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. మన ఎదుట కూర్చున్నవాళ్లేమో పదో తరగతి కాగానే పాలిసెట్ రాసి వచ్చిన 15, 16 ఏళ్ల పిల్లలు.

మొదటి అడుగు: ఫిర్యాదును ప్రశ్నగా మార్చుకోండి

రెండు వారాలపాటు మిమ్మల్ని విసిగించిన సంగతులన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. రోజుకు రెండు లైన్లు చాలు. "మళ్లీ యూనిట్లు రాయలేదు." "వెర్నియర్ రీడింగ్ అందరిదీ ఒకటే ఉంది, పక్కవాడిది చూసి రాశారు." "డౌట్లు ఉన్నాయా అంటే ఒక్కరూ నోరు విప్పలేదు." రెండు వారాల తర్వాత చదివితే ఏదో ఒకటి పదే పదే కనిపిస్తుంది. అదే మీ విషయం.

దాన్ని ప్రశ్నగా మార్చేటప్పుడు ఒక్కటి చూసుకోండి: జవాబు మీ చేతిలో ఉన్న పనికి ఉపయోగపడాలి. "పిల్లలకు చదువు మీద ఆసక్తి ఎందుకు తగ్గుతోంది" అనేది మంచి ప్రశ్నే కానీ ఒక్క సెమిస్టర్‌లో మీరు తేల్చగలిగేది కాదు. "వెర్నియర్ కాలిపర్‌తో కొలిచేటప్పుడు మా ఫిట్టర్ ట్రేడ్ పిల్లలు మెయిన్ స్కేల్ దగ్గర తప్పుతున్నారా, వెర్నియర్ గీత కలిసే చోట తప్పుతున్నారా" అనేది తేల్చగలిగిన ప్రశ్న. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో అయితే మెట్ల దగ్గర వేసే టూ-వే స్విచ్ వైరింగ్‌ను బొమ్మ చూసి సరిగ్గా చెప్పినవాళ్లు బోర్డు మీద ఎందుకు తప్పు కలుపుతున్నారో అడగొచ్చు.

ఇంకో పరీక్ష కూడా పెట్టుకోండి. మీ ప్రశ్నకు "నేను అనుకున్నది తప్పు" అనే జవాబు వచ్చే అవకాశం ఉందా? లేకపోతే అది ప్రశ్న కాదు. మీరు ముందే నమ్మినదానికి సాక్ష్యం కూడగట్టడమే అవుతుంది.

రెండో అడుగు: ఏదీ మార్చకముందు చూడండి

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో విలువైన భాగం ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా కొత్త పద్ధతిలోకి దూకుతారు. అందుకే ఒక ఉదాహరణ పట్టుకుని నెమ్మదిగా నడుద్దాం.

మీరు మొదటి సంవత్సరానికి ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెబుతున్నారనుకోండి. ఆర్థోగ్రాఫిక్ ప్రొజెక్షన్ల దగ్గర, అంటే ఒక వస్తువు ముందు నుంచి, పైనుంచి, పక్క నుంచి ఎలా కనబడుతుందో విడివిడిగా గీసే చోట, సగం క్లాసు తప్పు గీస్తోంది. మీ అంచనా "పిల్లలు వస్తువును మనసులో ఊహించుకోలేకపోతున్నారు" అని. ఆ అంచనాతోనే వెళ్తే త్రీడీ యానిమేషన్లు చూపిస్తారు, రంగురంగుల మోడళ్లు తెస్తారు. ఆగండి.

ఒక చిన్న దిమ్మ బొమ్మ ఇచ్చి ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ, సైడ్ వ్యూ గీయమనండి. మార్కులు వేయకండి. ఆ షీట్లన్నీ పెద్ద టేబుల్ మీద పరిచి, తప్పు ఏ రకమో చూసి కుప్పలుగా పెట్టండి. వస్తువు ఆకారమే తప్పుగా గీసినవాళ్లు ఒక కుప్ప. లోపల దాగిన అంచులకు తెగిన చిన్న గీతలు వేయాల్సిన చోట నిండు గీత వేసినవాళ్లు ఒక కుప్ప. మూడు వ్యూలూ సరిగ్గా గీసి, వాటిని షీటులో తప్పు చోట పెట్టినవాళ్లు ఇంకో కుప్ప. ఖాళీగా ఇచ్చినవాళ్లు వేరే.

ఇప్పుడు మూడో కుప్పే పెద్దదిగా తేలిందనుకోండి. అంటే ఆ పిల్లలు వస్తువును ఊహించుకోగలుగుతున్నారు. టాప్ వ్యూని కింద పెట్టాలా, పైన పెట్టాలా అన్న దగ్గర తప్పుతున్నారు. మార్కుల రిజిస్టర్‌లో ఈ రెండు రకాల పిల్లలకూ ఒకే అంకె పడుతుంది. షీటు మాత్రం తేడా చూపిస్తుంది.

అప్పుడు ఒక్కో కుప్ప నుంచి ఇద్దరిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. "ఎందుకు తప్పు గీశావ్" అని అడగకండి. "ఇదెలా గీశావో నాకు చెబుతూ ఇంకోసారి గీయి నాన్నా" అనండి. మధ్యలో దిద్దకండి. దిద్దకుండా ఉండటం మనకు చాలా కష్టం, ఎందుకంటే మన ఉద్యోగమే దిద్దడం. కానీ ఆ పది నిమిషాలు నోరు కట్టుకుంటేనే అసలు సంగతి బయటికొస్తుంది.

"టాప్ వ్యూ అంటే పైనుంచి చూసింది కదా సార్, అందుకే పైన పెట్టా" అని ఒకరు చెప్పొచ్చు. అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఇంకొకరు యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నానని చెప్పొచ్చు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ డ్రాయింగ్ కోసం ఇచ్చిన ఎస్‌పీ 46 ప్రకారం ఫస్ట్ యాంగిల్ పద్ధతి వాడతాం, అందులో టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద వస్తుంది. అమెరికాలో వాడేది థర్డ్ యాంగిల్, అందులో పైన వస్తుంది. అక్కడివాళ్ల వీడియో చూసిన పిల్లవాడు అచ్చం అందులో ఉన్నట్టే శ్రద్ధగా గీశాడు. వాణ్ని మనం మొద్దు అనుకున్నాం.

మాటల సంగతి కూడా వినండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు 'ప్లాన్' (టాప్ వ్యూ), 'ఎలివేషన్' (ఫ్రంట్ వ్యూ) అన్న మాటలు ఎలా వినబడుతున్నాయి? ప్లాన్ అంటే ప్రణాళిక అని ఇంగ్లిష్ క్లాసులో చదువుకుంది. అదే పిల్లకు 'ఇంటి ప్లాన్' బాగా తెలుసు. మేస్త్రీ గోడలు, గదులు, గుమ్మాలు కాగితం మీద పైనుంచి చూసినట్టు గీసి చూపించడం ఇంట్లో చూసే ఉంటుంది. డ్రాయింగ్ క్లాసులో ప్లాన్ అంటే అదేనని ఎవరూ ఆమెకు కలిపి చెప్పలేదు, అంతే. ఇలాంటి సంగతులు ఏ ఫీడ్‌బ్యాక్ ఫారంలోనూ దొరకవు.

ఫారాల గురించి కూడా ఒక మాట. "బోధన అర్థమవుతోందా? అవును / కాదు" లాంటి ప్రశ్నలు సార్ చేతికిచ్చే కాగితంలో పెడితే అందరూ అవుననే టిక్కు పెడతారు. నేను అలాంటివి చాలా పంచి చూశాను, ఒక్కదానివల్లా నా క్లాసు మారలేదు. దానికి బదులు పీరియడ్ చివర చిన్న చీటీ ఇచ్చి, పేరు లేకుండా, "ఈరోజు ఎక్కడి నుంచి అర్థం కావడం ఆగిపోయింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. తెలుగులో రాయమనండి.

అనుమతి: దీన్ని తేలిగ్గా తీసుకోకండి

రోజూ దిద్దే షీట్లు చూసి మీ బోధన సరిచేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అది మీ పనే. కానీ పిల్లలతో విడిగా మాట్లాడి ఆ మాటలు రాసుకున్నా, వాళ్ల షీట్లు బయట ఎక్కడైనా చూపించాలన్నా అడిగి తీరాలి. వీళ్లలో ఎక్కువమంది 18 నిండనివాళ్లు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా వాళ్లను బాలలుగానే లెక్కిస్తుంది. కాబట్టి హెచ్‌ఓడీకీ ప్రిన్సిపాల్‌కీ ముందుగా ఒక పేజీ రాసివ్వండి. తల్లిదండ్రులకు తెలుగులో ఉత్తరం పంపండి. ఇలా ఉంటే చాలు:

"డ్రాయింగ్ పాఠం ఇంకా బాగా చెప్పడం ఎలాగో తెలుసుకోవాలని ఒక చిన్న పరిశీలన చేస్తున్నాను. వచ్చే ఆరు వారాల్లో మీ అబ్బాయి / అమ్మాయి గీసిన కొన్ని షీట్లు చూస్తాను. ఒకటి రెండుసార్లు పది నిమిషాలు మాట్లాడతాను. పేరు, కాలేజీ పిన్ నంబరు ఎక్కడా రాయను. మీకుగానీ పిల్లలకుగానీ ఇష్టం లేకపోతే వద్దని చెప్పొచ్చు, మధ్యలో మానేయొచ్చు కూడా. దానివల్ల సెషనల్ మార్కుల్లో, హాజరులో ఏ తేడా రాదు."

చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. సెషనల్ మార్కులు, అంటే కాలేజీలోనే వేసే మార్కులు, మన చేతిలో ఉన్నంతకాలం "ఇష్టమేనా?" అని మనం అడిగితే పిల్లలు వద్దనలేరు. అందుకే ఒప్పుకున్న కాగితాలను వేరే సెక్షన్ సార్‌కో మేడమ్‌కో ఇవ్వమనడం మంచిది. సంతకం చేయలేని తల్లిదండ్రులకు ఫోన్లో చదివి వినిపించండి. షీటు ఫొటో తీసేటప్పుడు పేరున్న మూలను కప్పేయండి. తప్పు గీసిన షీటును స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి నవ్వుకోవడం లాంటిది పొరపాటున కూడా జరగకూడదు. ఆ పిల్లవాడు మనల్ని నమ్మి మన ముందు తప్పు చేశాడు.

మూడో అడుగు: ఒకే ఒక్క మార్పు

కుప్పలు చూశారు, పిల్లలతో మాట్లాడారు. ఇప్పుడు మార్పు ఏం చేయాలో దాదాపు దానంతటదే తెలుస్తుంది. మన ఉదాహరణలో యానిమేషన్లు అక్కర్లేదు. ఒక పాత ఫైలు అట్ట చాలు.

అట్టను మధ్యలో మడిచి, ఒక సగం గోడలా నిలబెట్టి, రెండో సగం నేలలా ముందుకు పరచండి. మూల దగ్గర నేల మీద డస్టర్ పెట్టండి. ముందు నుంచి చూసి కనబడే ఆకారాన్ని గోడ మీద గీయించండి. పైనుంచి చూసి కనబడేదాన్ని నేల మీద గీయించండి. డస్టర్ తీసేయండి. ఇప్పుడు నేలగా ఉన్న సగాన్ని ముందువైపు నుంచి కిందికి దించండి. అట్ట మొత్తం ఒకే షీటు అవుతుంది. ఫ్రంట్ వ్యూ పైన, టాప్ వ్యూ కింద. మడత పడిన చోటే ఎక్స్‌వై లైన్, రెండు వ్యూల మధ్య గీసే గీత. ఎందుకు కిందికొచ్చిందో ఇక బట్టీ పట్టాల్సిన పనిలేదు, వాళ్ల చేతులే దించాయి కదా. ప్రతి ఇద్దరికీ ఒక అట్ట ఇవ్వండి. మీరు ముందు నిలబడి చూపిస్తే సరిపోదు.

మొదలుపెట్టే ముందు నోటు పుస్తకంలో నాలుగు సంగతులు రాసి తారీఖు వేయండి. ఏం మారుస్తున్నాను. ఎందుకు పనిచేస్తుందనుకుంటున్నాను. పనిచేస్తే షీట్లలో ఏం కనబడాలి. పనిచేయకపోతే ఏం కనబడుతుంది. ముందే రాసుకోకపోతే తర్వాత ఏ ఫలితం వచ్చినా "నేను అనుకున్నదే" అని మనసు సర్ది చెప్పుకుంటుంది.

అట్టతోపాటు గ్రూపు వర్క్, క్విజ్, కొత్త వర్క్‌షీట్ అన్నీ ఒకేసారి తేకండి. ఏది పనిచేసిందో తెలియదు. ఒక సెక్షన్‌కి అట్ట ఇచ్చి ఇంకో సెక్షన్‌కి కావాలని ఇవ్వకుండా పోల్చడం నాకు ఇష్టం లేదు. మేలు చేస్తుందని మీరు నమ్మేదాన్ని సగం పిల్లలకు ఆపడం న్యాయం కాదు. పైగా రెండు సెక్షన్లు ఎప్పుడూ ఒకలా ఉండవు. ఒకరికి పొద్దున్నే క్లాసు, ఇంకొకరికి భోజనం తర్వాత. అదే పిల్లల ముందటి షీటునూ తర్వాతి షీటునూ పోల్చుకోండి.

నాలుగో అడుగు: ఏ రోజుది ఆ రోజే రాయండి

క్లాసు అయిన రోజే పది నిమిషాలు కేటాయించండి. రేపటికి సగం మరిచిపోతారు. ఎడమ పేజీలో జరిగింది మాత్రమే, కుడి పేజీలో మీకు అనిపించింది. ఎడమవైపు ఇలా ఉండొచ్చు: "మంగళవారం, మూడో పీరియడ్. అట్ట దించగానే వెనక బెంచీ నుంచి 'ఓహో అందుకా సార్' అని వినబడింది. షీటు మీదకొచ్చాక వాళ్లలో ఇద్దరు మళ్లీ పైనే గీశారు." కుడివైపు: "అట్ట మీద అర్థమైంది షీటు మీదకి రావడం లేదా? మడత గీతే ఎక్స్‌వై లైన్ అని నేను గట్టిగా చెప్పలేదేమో."

"క్లాసు బాగా జరిగింది" అని ఎడమ పేజీలో రాయకండి. బాగా అంటే ఏమిటో, ఎవరు ఏం చేశారో, ఏమన్నారో రాయండి.

వీలైతే తోటి అధ్యాపకుడిని ఒక పీరియడ్‌కి పిలవండి. మిమ్మల్ని తనిఖీ చేయడానికి కాదని ఇద్దరూ ముందే అనుకోండి. చూడాల్సింది ఒక్కటే చెప్పండి: "ఎడమవైపు చివరి రెండు బెంచీల వాళ్లు అట్టతో ఏం చేస్తున్నారో చూడండి సార్, నాకు అక్కడి నుంచి కనబడదు." తర్వాత వారం మీరు ఆయన క్లాసుకి వెళ్లండి.

ఐదో అడుగు: కుప్పలు మళ్లీ వేయండి

ఆరు వారాల తర్వాత ఇంకో దిమ్మ బొమ్మ ఇవ్వండి. మొదటిదాన్నే ఇస్తే గుర్తుపెట్టుకుని గీస్తారు, మరీ తేలికైనది ఇస్తే మిమ్మల్ని మీరే మోసం చేసుకుంటారు. రెండు బొమ్మలూ ఒకే కష్టమో కాదో సబ్జెక్టు తెలిసిన ఇంకొకరిని అడగండి. షీట్లను మళ్లీ అవే కుప్పలుగా పెట్టండి. కొన్ని షీట్లు ఆ తోటి అధ్యాపకుడికి ఇచ్చి, మీరు ఏ కుప్పలో వేశారో చెప్పకుండా ఆయన్నీ వేయమనండి. ఇద్దరూ వేర్వేరు చోట వేసిన షీట్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోండి. సగం నేర్చుకునేది అక్కడే.

అంకెలు సాదాగా చెప్పండి. 30 మందిలో 14 మంది తప్పు చోట పెట్టేవాళ్లు, ఇప్పుడు 5గురు అనుకోండి, అలాగే రాయండి. ఇంత చిన్న క్లాసుకు దశాంశాలతో శాతాలు లెక్కేసినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆ తర్వాత మిగిలిన ఆ 5గురి దగ్గరికి వెళ్లండి. వాళ్లు అట్ట వాడిన రోజుల్లో బస్సు పాస్ పనుల మీద తిరిగి క్లాసుకి రాలేదా? హాస్టల్‌లో డ్రాఫ్టర్ (గీతలు గీసే పరికరం) లేక పక్కవాడిది అడిగి తెచ్చుకుని హడావుడిగా గీశారా? లేక అట్ట వాళ్లకు ఇంకో కొత్త గందరగోళం అయిందా?

బాగుపడిన వాళ్ల విషయంలో కూడా మిమ్మల్ని మీరు నిలదీయండి. అట్ట వల్లేనా, లేక ఆరు వారాలు ఎక్కువ గీశారు కాబట్టి చేయి తిరిగిందా? దాగిన అంచుల కుప్ప గురించి మీరేమీ చేయలేదు కదా, అది కూడా అంతే తగ్గిందా? తగ్గితే సాధన వల్ల కావచ్చు. అది అలాగే ఉండి, తప్పు చోట పెట్టిన కుప్ప మాత్రమే తగ్గితే అట్ట పనిచేసిందనడానికి మీ దగ్గర కాస్త గట్టి ఆధారం ఉన్నట్టు. మొదట్లో అన్ని కుప్పలూ లెక్కపెట్టమన్నది ఇందుకే.

ఆరో అడుగు: పదిమంది ముందు పెట్టండి

స్టెన్‌హౌస్ చెప్పిన రెండో సగం ఇది. మూడు పేజీలు చాలు. ప్రశ్న, ముందు చూసింది, మార్చింది, తర్వాత చూసింది, ఇంకా తెలియనిది. పేర్లు కప్పేసిన నాలుగు షీట్ల ఫొటోలు పెట్టండి, పేజీలకు పేజీల వివరణ కన్నా అవే ఎక్కువ చెబుతాయి. తెలుగులో రాయడానికి సంకోచించకండి. మన పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో తెలుగులో అన్నంత సూటిగా ఇంకో భాషలో చెప్పలేం. పని చేయని మార్పునూ దాచకండి. పక్క ఊరి పాలిటెక్నిక్‌లో ఇంకొకరు అదే తప్పు చేయకుండా ఆగుతారు.

మొదట డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పావుగంట అడగండి. చెన్నైలోని జాతీయ సాంకేతిక ఉపాధ్యాయ శిక్షణ సంస్థ లాంటి చోట్ల శిక్షణకు వెళ్లినప్పుడు మీ షీట్లు వెంట తీసుకెళ్లండి. డబ్బు కడితే వారంలో అచ్చు వేస్తామని మెయిల్ పంపే పత్రికల జోలికి మాత్రం పోకండి. మీ ఆరు వారాల కష్టాన్ని చదివి ప్రశ్నించేవాళ్లు అక్కడ ఉండరు.

అన్నిటికన్నా ముందు మీ పిల్లలకు చెప్పండి. ఒక పీరియడ్ తీసుకుని, మొదటి షీటు, చివరి షీటు పక్కపక్కన పెట్టి ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. ఏం కనిపెట్టారో చెప్పండి, మీ మొదటి అంచనా ఎక్కడ తప్పిందో కూడా చెప్పండి. తర్వాత చీటీలు పంచి ఒక్క ప్రశ్న అడగండి: "ఇప్పుడు ఎక్కడ ఆగిపోతున్నారు?" సెక్షనల్ వ్యూలు అని రాస్తారో, ఐసోమెట్రిక్ అని రాస్తారో. రెండో చక్రం ఆ చీటీల నుంచి మొదలుపెట్టండి.